ఒక్క దుప్పటి మిషను

పనిశాల, మధ్యాహ్నం భోజనాల వేళ
మార్చి 3

ఒరేయ్ బావమరిదీ,

నువ్వు పంపిన పెట్టె మొన్న చేరింది. మా లిఫ్టు సంగతి నీకు తెలుసుగా, నెలకు ఇరవై రోజులు సెలవులోనే ఉంటుంది. ఐదంతస్తులు ఎక్కి వచ్చిన మనిషి పెట్టెను గుమ్మంలో దించి, "చూడ్డానికి ఇంత ఉంది, బరువే లేదు. ఇందులో ఏముందండీ, గాలా?" అన్నాడు. విప్పి చూద్దును కదా, బట్టలుతికే మిషను! నా మోకాలెత్తు ఉంది. తెల్లగా, బొద్దుగా, రెండు మూతలతో. ఒక తొట్టిలో ఉతకడం, పక్కనున్న బుల్లి తొట్టిలో పిండడం. అత్తయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇది మిషనా, మిషను పిల్లా?" అన్నారు. "పెంచి పెద్ద చేసుకోమని పంపినట్టున్నాడు మీ వాడు" అన్నాను. మీ అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వారు. ముందుగా ఆ నవ్వుకు నీకు రుణపడ్డాను.

ఇక దాన్ని ఎక్కడ పెట్టడమా అని పెద్ద చర్చ. ఉన్నది ఒక గది, ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి తీసుకోలేని వంటిల్లు, ఒక స్నానాల గది. చివరికి స్నానాల గది గుమ్మంలో సగం లోపల, సగం బయట నిలబెట్టాను. కొళాయికి ఒక పైపు, తూముకు ఒక పైపు. ఒక దుప్పటి వేసి మీట తిప్పాను. అంతవరకూ బాగానే ఉంది. నీళ్ళు వదిలే పైపు తూములోంచి ఎప్పుడు జారిందో తెలీదు. సబ్బు నీళ్ళన్నీ గదిలోకి, గదిలోంచి వరండాలోకి, అక్కడి నుంచి కింది ఇంట్లోకి. కింద ఉండే కుట్టుపనామె మెడలో టేపు వేలాడుతుండగానే పైకి వచ్చి, "మీ ఇంట్లో వాన పడుతోందాండీ? మా ఇంట్లో చినుకులు పడుతున్నాయి" అంది. నేను క్షమాపణలు చెబుతూనే దుప్పటిని పిండే తొట్టిలో కుక్కి మీట తిప్పితే, మిషను గడగడలాడుతూ నడక సాగించింది. అత్తయ్య చీపురు అడ్డం పెట్టి, "ఆగవే, ఆగవే, ఎక్కడికే" అని బతిమాలుతున్నారు. కుట్టుపనామె తిట్టడానికి వచ్చి, గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వులకేం గానీ, ఆ దుప్పటి సగం ఆరినట్టుగా బయటికి వచ్చినప్పుడు నీకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. వాయికి ఒక్క దుప్పటే పడుతుంది. నాకు అదే చాలు. నీకు ఉన్నట్టుండి ఈ బుద్ధి ఎలా పుట్టింది?

అత్తయ్య కులాసా. జవాబు ఎప్పటిలా పనిశాల చిరునామాకే రాయి. ఫోనులో మాట్లాడుకుందామంటే మా గదిలో గుటక వేసినా వినిపిస్తుంది. ఇక ఉంటాను. బల్ల మీద పన్నెండు కట్టుడు పళ్ళ సెట్లు నన్ను చూసి ఒకటే ఇకిలింపు.

నీ బావ


ఓడ మీద, ఇంజను గది పైమెట్టు
మార్చి 27

బావా,

నీ ఉత్తరం రేవులో అందింది. చదువుతూ గట్టిగా నవ్వేసరికి మా వంటమనిషి ఏమైందోనని గరిటతో సహా పరిగెత్తుకొచ్చాడు.

మెకానిక్కు మాట విను. మిషను కింద దళసరి రబ్బరు చాప వెయ్యి, నడక మానేస్తుంది. నాలుగు కాళ్ళూ నేలను తాకుతున్నాయో లేదో కాగితం ముక్క దూర్చి చూడు. తూములో పెట్టిన పైపుకు తాడు కట్టి కొళాయికి బిగించు. పిండే తొట్టిలో బట్టను ఒక పక్కనే కుక్కకుండా చుట్టూ సమంగా సర్దు. ఎంత పెద్ద ఇంజనుకైనా, ఎంత చిన్న మిషనుకైనా సూత్రం ఒకటే: బరువు ఒక వైపు పడితే వణుకు తప్పదు.

ఈ బుద్ధి ఎలా పుట్టిందని అడిగావు. నీ జనవరి ఉత్తరం వల్ల. రోజూ దుప్పటి ఉతకడంతోనే తెల్లారుతోందని అందులో నోరు జారావు. ముత్యాల్లాంటి నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. కాగితం అంచున రెండు చోట్ల గోధుమరంగు మరకలు. చేతులు పగిలినవాడికి ఆ మరక ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు బావా. ఒక్కో పన్నునూ పువ్వులా చెక్కే వేళ్ళు అవి. సబ్బు నీళ్ళలో నానబెట్టి పాడుచేసుకుంటున్నావని అర్థమైంది.

అర్థం కానిది ఒకటుంది. ఇద్దరు మనుషులున్న ఇంట్లో రోజూ దుప్పటి ఎందుకు ఉతుకుతున్నావు? ఇంకొకటి. అమ్మ ఫోనులో "బాగున్నాను నాయనా" అని, వెంటనే నీకు ఇచ్చేస్తోంది. ఇదివరకు నేను ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో పావుగంట ఆరా తీసేది. అన్నీ సరిగ్గానే ఉన్నాయా? దాచకు.

నీ బావమరిది


పనిశాల
ఏప్రిల్ 22

ఒరేయ్,

నా వేళ్ళు మానాయి. ఈ ఉత్తరంలో అక్షరాలు చూశావుగా, సాక్ష్యం అవే. నీకు చెప్పలేదు గానీ, ఫిబ్రవరిలో ఒక సెట్టు మూడుసార్లు తిరిగొచ్చింది. మా యజమాని బల్ల దగ్గర నిలబడి, "మీ పళ్ళు ఈ మధ్య కొరకడం మానేశాయేం?" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట పడటం అదే మొదలు. పోయిన వారం ఒక రిటైరైన పంతులమ్మకు సెట్టు చేశాను. ఆవిడ మా ముందే ఆపిల్ కొరికి, "నా పళ్ళు కూడా ఇంత బాగా కొరికేవి కావు" అంది. ఆ ఆపిల్లో సగం నీది. మిషను రాకపోతే ఆ పళ్ళు లేవు.

నువ్వు చెప్పినట్టే చాప వేశాను, తాడు కట్టాను. ఇప్పుడు బుద్ధిగా ఉన్నచోటే నిలబడి పాడుకుంటోంది. పనికి వచ్చే ముందు ఒక వాయి వేస్తాను. ఆరు నిమిషాలు ఉతుకుడు, నీళ్ళు మార్చి మూడు నిమిషాలు జాడింపు, తర్వాత పిండటం. నేను గడ్డం గీసుకునే లోపల దుప్పటి తయారు.

దుప్పటి సంగతి అడిగావు కదా. మా ఎదురు రోడ్డు తవ్వుతున్నారు. ఒకటే దుమ్ము.

అత్తయ్య కులాసా. ఎండలు మొదలైనా మంచినీళ్ళు పెద్దగా తాగడం లేదు, దాహం లేదంటారు. మంచం మీద నడుం నొప్పిగా ఉందని కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. వయసు కదా. ఇంతకు మించి విశేషాలు లేవు.

నీ బావ


ఆసుపత్రి వరండా
మే 13

తమ్ముడూ,

భయపడకు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను. అత్తయ్య ప్రమాదంలోంచి బయటపడ్డారు. ఇవాళ కళ్ళు తెరిచి నన్ను పోల్చుకున్నారు.

దుమ్ము అబద్ధం. రోడ్డు ఎవరూ తవ్వడం లేదు.

పోయిన అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే అత్తయ్య తడిసిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "మంచినీళ్ళ గ్లాసు ఒలికింది" అన్నారు. గదిలో గ్లాసు లేదు. నేను, "తప్పు నాదే అత్తయ్యా, గ్లాసు అక్కడ పెట్టింది నేనే" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో గ్లాసు రోజూ ఒలుకుతూనే ఉంది. ఆవిడ ఒలికిందంటారు, నేను ఔనంటాను. అంతే, ఇంకో మాట లేదు. మొదట్లో కింద సెల్లార్లో అందరూ వాడుకునే పెద్ద మిషను దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి అత్తయ్య కూడా వచ్చారు. అక్కడున్న ఒకావిడ బకెట్ వైపు చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అత్తయ్య రెండు రోజులు గది దాటి రాలేదు. ఇక లాభం లేదని చేత్తో ఉతకడం మొదలుపెట్టాను. నీ మిషను వచ్చాక, హమ్మయ్య, అన్నీ తీరాయనుకున్నాను.

ఆమె మనసులో ఏముందో నాకు తట్టలేదు. ఆ మిషను గుర్రుమన్న ప్రతిసారీ, ఇదంతా నా వల్లే కదా అని కుంచించుకుపోయానని ఇవాళ నర్సుతో చెప్పుకున్నారట. అందుకని నీళ్ళు మానేశారు. పక్క తడవకూడదని కుర్చీలో కూర్చునే నిద్రపోయారు. నేనేమో ఆ రెండూ కళ్ళారా చూస్తూ, వయసు అని నీకు ఉత్తరం రాశాను.

సోమవారం నేను పనిలో ఉన్నాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో పడిపోయారు. పైన దబ్బుమన్న చప్పుడు విని కుట్టుపనామె పరిగెత్తుకొచ్చింది. తలుపు తీసే ఉండబట్టి సరిపోయింది. ఆమే నాకు కబురు పెట్టి, ఆమే ఇద్దరి సాయంతో ఐదంతస్తులూ దించి ఆసుపత్రికి చేర్చింది. డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. "ఒంట్లో చుక్క నీరు లేదు. మూత్రంలో చీము చేరింది. ఇంకొక రోజు ఆగితే నా చేతుల్లో ఉండేది కాదు. పక్క తడపడం కూడా జబ్బేనండీ, దానికి మందుంది. ఏడు నెలలు దాచుకుంటారా ఎవరైనా?" అంది. తల వంచుకుని విన్నాను.

ఇవాళ పొద్దున కళ్ళు తెరిచి అత్తయ్య అడిగిన మొదటి మాట, "అల్లుడుగారూ, పక్క తడిసిందా?" నేను, "లేదత్తయ్యా, గ్లాసు ఒలికింది" అన్నాను. ఆమె నా మొహం చూశారు. నేను ఆమె మొహం చూశాను. ముందు ఎవరు నవ్వారో, ముందు ఎవరు ఏడ్చారో చెప్పలేను.

నిన్ను తమ్ముడూ అని పిలిచాను, కంగారులో. సర్దుకో.

బావ


ఓడ మీద
జూన్ 1

బావగారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందినది. అమ్మ కోలుకున్నందుకు మీకు, కింది ఇంటి ఆమెకు కృతజ్ఞుణ్ణి.

మీరు ఈ విషయం నాకు ఏడు నెలలు చెప్పలేదు. దాని గురించి నేనేమీ అనను. అనే అర్హత నాకు లేదు. ఆమె నా తల్లి. మీ చేతులు పగలడానికి కారణం ఆమె అయితే, ఆమె మీ ఇంట్లో ఉండిపోవడానికి కారణం నేను. మా అక్కకు జబ్బు చేసినప్పుడు సాయానికని మీ ఇంటికి వచ్చింది అమ్మ. అక్క పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజుతోనే మీ బాధ్యత తీరింది. మీకు నలభై ఆరేళ్ళు. ముందు ఎంతో జీవితం ఉంది. అది బకెట్ల దగ్గర గడిచిపోవడం నాకు ఇష్టం లేదు.

మా ఓడ అధికారి ఒకరు తన తల్లిని ఉంచిన వృద్ధుల నిలయం గురించి చెప్పారు. నర్సులు ఉంటారట, శుభ్రంగా ఉంటుందట. అమ్మ పేరు రాయించాను. ఆగస్టులో సెలవు మీద వచ్చి తీసుకెళ్తాను. అప్పటికి ఆమె బట్టలు సర్ది ఉంచవలసిందిగా కోరుతున్నాను.

మిషను మీరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ విధేయుడు


పనిశాల
జూన్ 24

ఒరేయ్ విధేయుడా,

పదహారేళ్ళలో మొదటిసారి నన్ను "మీరు" అన్నావు. బావగారట! నమస్కారములట! ఆ "ములు"తో సహా అన్నీ వెనక్కి పంపిస్తున్నాను, పుచ్చుకో.

చెప్పకపోవడం నా తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ అది ఆమె గుట్టు. ఆమె నాకే చెప్పలేదు, నేను నీకెలా చెప్పను?

బాధ్యత తీరిందని రాశావు. ఒక సంగతి చెబుతాను విను. మీ అక్క పోయాక నేను మూడు వారాలు మంచం దిగలేదు. స్నానం లేదు, గడ్డం లేదు. అప్పుడు నా బట్టలు ఎవరు ఉతికారనుకున్నావు? కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, అల్లుడి చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, కుర్చీ మీద పెట్టి, "ఇవాళ కాకపోతే రేపు తొడుక్కోండి" అనేది. ఇరవై రెండో రోజున తొడుక్కుని పనికి వచ్చాను. అప్పట్లో మిషను లేదురా, డెబ్భై ఏళ్ళు దాటిన ఆ చేతులే ఉన్నాయి. నా బాధ్యత తీరింది, మా వాడి దగ్గరికి పోతానని ఆమె అనలేదు. ఇప్పుడు నేను ఉతికితే నువ్వు బకెట్లు లెక్కపెడుతున్నావు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ముందు ఒక గ్లాసు నీళ్ళిచ్చాను. ఆమె పట్టుకుని కూర్చున్నారు గానీ తాగరు.

"తాగితే మళ్ళీ ఉతుకుడే కదా" అన్నారు. ఏడు నెలల్లో మొదటిసారి నాతో ఆ మాట బయటికి అనడం.

"ఉతుకుదాం. మిషను తెచ్చుకున్నది ముద్దు పెట్టుకోవడానికా?" అన్నాను.

గ్లాసు కింద పెట్టి, "అయితే మీరు ఉతకొద్దు. అదెలా తిప్పాలో నాకు చూపించండి. నావి నేను ఉతుక్కుంటాను" అన్నారు.

"డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది అత్తయ్యా."

"కూర్చునే తిప్పుతాను. విశ్రాంతి కూర్చుని తీసుకోకూడదని చెప్పిందా?"

స్టూలు వేశాను. చూస్తే ఆ మిషను ఎత్తు ఆమె కోసమే కొలిచి చేసినట్టుంది. కూర్చుంటే చేతులు సరిగ్గా తొట్టిలోకి వెళ్తాయి. మీట తిప్పడం ఒక్కసారి చూపించాను, పైపు దించడం రెండుసార్లు. మూడోసారి నన్ను స్నానాల గది గుమ్మంలోంచి గెంటేశారు. మొదటి వాయి తానే పిండి, దులిపి, నా చేతికి ఇచ్చి ఆరేయమన్నారు. తర్వాత గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేశారు.

కుట్టుపనామె మిగిలిన గుడ్డలతో మందంగా నాలుగు బొంతముక్కలు కుట్టిచ్చింది, పక్క మీద వేసుకోవడానికి. ఇప్పుడు దుప్పటి తడవదు, ఆ ముక్కే తడుస్తుంది. వాయికి రెండు పడతాయి. మందు కూడా పనిచేస్తోంది. రోజూ అన్నది పోయి వారానికి ఒకటి రెండు సార్లయింది. కుట్టుపనామె ఆ రోజు మెట్లు దింపకపోయి ఉంటే ఇవేవీ రాసేవాణ్ణి కాదు. ఆమెకు ఏమిచ్చి తీర్చుకోవాలో తెలీక వాళ్ళ నాన్నకు కొత్త పళ్ళ సెట్టు చేస్తున్నాను.

అయితే పెత్తనం మాత్రం భరించలేకపోతున్నాను. మొన్న నా తెల్లకోటుతో పాటు ఎర్ర గుడ్డ ఒకటి వేశారు. కోటు గులాబీ రంగుకు తిరిగింది. పనిశాలలో, "చిగుళ్ళ రంగు, పనికి తగ్గ కోటు" అని ఒకటే వేళాకోళం. ఆ సంగతి ఆమెతో అంటే, "వెలిసిపోయేదాకా తొడుక్కోండి" అన్నారు.

ఆగస్టులో రా. నీ కళ్ళతో చూడు. పేరు రాయించావు సరే, రాయించే ముందు ఆమెను ఒక్క మాట అడిగావా? నేనూ ఏడు నెలలు అడగలేదు. అందుకే ఆమె ఆసుపత్రిలో పడ్డారు. ఇంకోసారి ఆ తప్పు నువ్వు చెయ్యకు.

నువ్వే గనక మళ్ళీ "మీరు" అన్నావో, కోటుతో పాటు నిన్నూ ఆ తొట్టిలో వేయిస్తాను.

నీ బావ


ఓడ మీద, ఇంజను గది పైమెట్టు
సెప్టెంబరు 9

బావా,

ఓడ నిన్న రేవు దాటింది. ఒళ్ళు ఇక్కడికి వచ్చింది గానీ మనసు ఇంకా మీ స్నానాల గది గుమ్మంలోనే ఉంది.

నీకు చెప్పని సంగతి ఒకటి. నేను వచ్చింది అమ్మను తీసుకుపోవడానికే. రైల్లో కూర్చుని ఆమెతో ఏమనాలో వరసగా కూర్చుకున్నాను. లోపలికి అడుగు పెట్టానో లేదో, అమ్మ నా సంచీ గుంజుకుని, ఇంజను నూనె పట్టిన నా పని బట్టలు బయటికి లాగింది. "నువ్వు ఇంజను కడిగావా, ఇంజనుతో నిన్ను కడిగారా?" అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగు వాయిలు పట్టింది. మొదటి నీళ్ళు తారులా ఉన్నాయి, నాలుగో నీళ్ళలో నా మొహం కనిపించింది. నేను కూర్చుకున్న మాటలన్నీ ఆ తూములోనే పోయాయి.

అయినా మూడో రోజు, నువ్వు పనికి వెళ్ళాక అడిగాను. నువ్వే కదా అడగమన్నావు. "అమ్మా, ఒక మంచి చోటుంది. నర్సులుంటారు. నీకు ఏ పనీ ఉండదు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అన్నాను.

అమ్మ నీ చొక్కా కాలరు రుద్దుతూ, "నాకు ఏ పనీ లేకపోతే ఇంక నేనెందుకురా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. చొక్కా తొట్టిలో వేసి, "ఇక్కడ నాకు తక్కువేముంది? ఆ మనిషి ఏడు నెలలు నా పరువు గుప్పిట్లో పెట్టుకుని కాపాడాడు. కన్నవాళ్ళు కూడా విసుక్కునే పని. ఒక్కసారి మొహం చిట్లించలేదు" అంది. ఆ సాయంత్రమే నిలయానికి ఫోను చేసి పేరు తీయించేశాను. నీతో చెప్పలేదు. సిగ్గేసింది.

బావా, నేను ఒక పెట్టె పంపి చేతులు దులుపుకున్నాను. పంపినందుకు నువ్వు పేజీలకు పేజీలు కృతజ్ఞతలు రాశావు. నీకు నేను ఏమని రాయాలి? జూన్లో రాసిన ఆ ఉత్తరం చించెయ్యి. అది నేను కాదు, నా భయం రాసింది.

బయల్దేరిన రోజు పొద్దున జరిగింది కూడా చెప్పాలి. నువ్వు డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నావు కనుక వినలేదు. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినావిడ మిషను చూసిపోదామని వచ్చింది. చిన్నిల్లు, తామూ ఒకటి కొనుక్కుందామనుకుంటున్నారట. అమ్మ మూతలు తెరిచి, పైపు చూపించి, రబ్బరు చాప గురించి పాఠం చెప్పింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "రోజూ డాబా మీద బట్టలు ఆరేసేది మీ అబ్బాయేనా అండీ?" అని అడిగింది.

నేను గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. అమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "అవునమ్మా, పెద్దాడు" అంది. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "వీడు చిన్నాడు. ఓడ మీద ఉంటాడు" అంది.

ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆమెకు నేను ఒక్కగానొక్క కొడుకుని. ఒక్క మాటతో చిన్నాణ్ణయిపోయాను. సంచీ భుజాన వేసుకుని ఐదంతస్తులు దిగాను, బరువే తెలియలేదు.

ఇట్లు,
చిన్నాడు